గాలివానా... గ్యాసు బండా!

తుఫాను కబురు వినగానే కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, పాలపొడి సర్దుకుంటాం. మరి గ్యాసు బండ సంగతో?

మా కోవూరులో పెద్దవాళ్ళు ఏ గాలివానొచ్చినా 1989 నవంబరు తుఫానుతోనే పోలుస్తారు. ఆ నెల 9న కావలి దగ్గర తీరం దాటిందది. తడిసిన కట్టెలు రాజుకోక పొగలో కళ్ళు మండిన సంగతి మా అత్తగారు ఇప్పటికీ చెబుతుంటారు. ఇక్కడికి రాకముందు, నవంబరు 3న, అదే తుఫాను థాయ్‌లాండ్ సింధుశాఖలో సహజవాయువు బావులు తవ్వే సీక్రెస్ట్ ఓడను బోర్లా పడేసింది. 91 మంది చనిపోయారు. మన పొయ్యిలో నీలిమంట వెనక ఇలాంటి బతుకులెన్నో!

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు అక్కడి హెచ్‌పీసీఎల్ చమురుశుద్ధి కర్మాగారం ఆగిపోయింది. చెట్లు పడి దారులు మూసుకుపోయాయి, కరెంటు పోయింది. పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. 2005లో కత్రినా తాకిడికి అమెరికాలోనూ సముద్రంలోని చమురు బావులు మూతపడి పెట్రోలు ధర ఎగబాకింది.

అంటే, గాలి మన ఊరిమీదికే రానక్కర్లేదు. ఎక్కడో కర్మాగారం ఆగినా, లారీ కదలకపోయినా మన పొయ్యి చల్లబడుతుంది.

అందుకే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక బండ అయిపోయిన రోజే ఇంకోటి బుక్ చేయండి. నీళ్ళొచ్చే ఇల్లయితే రెగ్యులేటరు తీసి, మూత పెట్టి, బండను ఎత్తయిన చోట నిలబెట్టండి. పక్కింటావిడకు ఒక్క బండే ఉందా? ఆ నాలుగు రోజులూ ఇద్దరూ ఒకే పొయ్యిమీద వండుకుంటే సరి!