సబ్బు చుట్టిన కాగితం

ఇంట్లో సబ్బు అయిపోయిందనీ, అంగడికి వెళ్లి ఒకటి తెమ్మనీ అమ్మ మిమ్మల్ని ఎన్నోసార్లు పంపి ఉంటుంది. అక్కడ మీరేం చేస్తారు? వరుసగా పేర్చిన సబ్బులను చూస్తారు. ఒకదాని మీద గులాబి బొమ్మ, ఒకదాని మీద నిమ్మకాయ, మరొకదాని మీద పాలధార ఉంటాయి. వాసన చూస్తారు, ధర అడుగుతారు, కొంటారు. ఇంటికి వచ్చాక పైకాగితం చింపి పారేస్తారు. మన చర్మానికి సంబంధించిన అసలు సంగతి ఆ పారేసిన కాగితం వెనుకవైపున, చీమల బారు లాంటి అక్షరాలలో ఉంటుంది. దానిని ఎలా చదవాలో తెలుసుకుందాం.

ముందుగా మన ఊరి సబ్బునే తీసుకుందాం. మైసూర్ శాండల్ సబ్బు పేరులో మైసూరు ఉన్నా అది పుట్టింది బెంగళూరులోనే. మైసూరు సంస్థానపు అడవుల్లో దొరికే గంధపు చెక్క ఒకప్పుడు ఓడలెక్కి ఐరోపాకు వెళ్లేది. తైలం అక్కడే తీసేవారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో ఆ ఎగుమతి దెబ్బతిని, చెక్క ఇక్కడే గుట్టలుగా పడిపోయింది. అప్పుడు సంస్థానాన్ని పాలిస్తున్నవారు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు. దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన ఇంటిపేరు ఆంధ్రదేశంలోని ఒక ఊరి పేరు. పూర్వికులు అక్కడి నుంచి వచ్చి ముద్దేనహళ్లిలో స్థిరపడినవారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞుల సాయంతో 1916లో సంస్థానం తానే తైలం తీయడం మొదలుపెట్టింది. ఆ తైలంతో సబ్బు చేయాలనుకున్నారు. అందుకోసం ఎస్.జి. శాస్త్రి అనే యువ రసాయన శాస్త్రజ్ఞుడిని ఇంగ్లండుకు పంపి, సబ్బుల తయారీ నేర్పించారు. 1918లో బెంగళూరులో ప్రభుత్వ సబ్బుల కర్మాగారం ఆరంభమైంది. ఆయనకు ‘సోప్ శాస్త్రి’ అనే పేరు స్థిరపడిపోయింది. 1980 నుంచి ఆ కర్మాగారం కర్ణాటక సోప్స్ అండ్ డిటర్జెంట్స్ లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థగా నడుస్తోంది. ఏనుగు తల, సింహపు శరీరం గల శరభం దాని గుర్తు.

ఇంత కథ ఉన్న గంధపు తైలం చర్మానికి ఏం చేస్తుంది? నిజం చెప్పాలంటే, సబ్బులో అది ప్రధానంగా పరిమళం కోసమే. స్నానం చేసినంతసేపూ మనసుకు హాయిగా ఉంటుంది. అది తక్కువ సంగతేమీ కాదు. కాని మురికిని వదిలించేది గంధం కాదు, గులాబీ కాదు, నిమ్మకాయ అసలే కాదు.

ఆ పని చేసేది నూనెలోంచి పుట్టిన లవణం. కొబ్బరినూనె వంటి ఒక నూనెను కాస్టిక్ సోడా ద్రావణంతో కలిపి కాచితే రెండు పదార్థాలు ఏర్పడతాయి. ఒకటి సబ్బు, రెండవది గ్లిజరిన్. కాగితం మీద ‘సోడియం పామేట్’ అని ఉంటే అది పామాయిల్ నుంచి వచ్చిన సబ్బు. ‘సోడియం కోకోయేట్’ అంటే కొబ్బరినూనె నుంచి వచ్చినది. ‘సోడియం టాలోవేట్’ అంటే జంతువుల కొవ్వు నుంచి చేసినది. కొబ్బరి సబ్బు నురగ బాగా ఇస్తుంది గాని చర్మాన్ని కాస్త ఎక్కువగా పొడిబారుస్తుంది. పామాయిల్ సబ్బు గట్టిగా ఉండి, నెమ్మదిగా అరుగుతుంది. అందుకే తయారుచేసేవారు రెండింటినీ కలుపుతారు.

సబ్బు అణువుకు రెండు కొసలు ఉంటాయి. ఒక కొసకు నీరంటే ఇష్టం, రెండవ కొసకు జిడ్డంటే ఇష్టం. జిడ్డును పట్టుకున్న కొసను నీటిని పట్టుకున్న కొస లాక్కుపోతుంది, మురికి వదులుతుంది. అయితే బయటి జిడ్డు ఏదో, చర్మం తన రక్షణ కోసం ఊర్చుకున్న నూనె ఏదో సబ్బుకు తెలియదు. రెండింటినీ కడిగేస్తుంది. పైగా మన చర్మం స్వల్పంగా ఆమ్ల గుణం కలది, సబ్బు క్షార గుణం కలది. స్నానం చేశాక ముఖం బిగుసుకున్నట్లు అనిపించడానికి కారణం ఇదే.

కాగితం మీద ‘టి.ఎఫ్.ఎం.’ అనే మూడు అక్షరాల పక్కన ఒక అంకె ఉంటుంది. వెతకండి. అది సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం ఎంత శాతమో చెబుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం 76 శాతానికి తగ్గకుండా ఉంటే మొదటి శ్రేణి, 70కి తగ్గకుంటే రెండవ శ్రేణి, 60కి తగ్గకుంటే మూడవ శ్రేణి. ఇందాక చెప్పుకున్న గంధపు సబ్బు మొదటి శ్రేణిలోనిది. అంకె తగ్గేకొద్దీ అసలు సబ్బు తగ్గి, నీరు, టాల్కు పొడి వంటివి పెరుగుతాయి. అలాంటిది రెండు రోజులకే సబ్బుపెట్టెలో అంబలిలా కరిగిపోతుంది. గులాబి బొమ్మ ఎంత పెద్దగా ఉన్నా ఈ అంకెను దాచలేదు. పదార్థాల పట్టికకు కూడా ఒక నియమం ఉంది. ఒక శాతం కంటే ఎక్కువ ఉన్నవాటిని బరువు ప్రకారం పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా రాయాలి. ముందువైపు బొమ్మలో కనిపించిన తేనె, బాదం, కలబంద ఆ వరుసలో ఎక్కడున్నాయో మీరే చూడండి. చాలాసార్లు తోక దగ్గర దొరుకుతాయి.

మీ వీధిలో కావేరి నీళ్లా, బోరు నీళ్లా? ఈ ప్రశ్నకూ చర్మానికీ సంబంధం ఉంది. కావేరి నీరు 1974 నుంచి బెంగళూరుకు వస్తోంది గాని, ఊరి చివరి కొత్త బడావణెలలో చాలామంది బోరు నీటితోనే గడుపుతున్నారు. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. అవి సబ్బుతో కలిసి నీటిలో కరగని తెల్లని తెట్టుగా మారతాయి. బకెట్టు అంచున పేరుకునేది అదే. ఒంటి మీదా అది పలుచగా మిగిలి దురద పెట్టవచ్చు. నురగ రాలేదని మనం మరింత సబ్బు రుద్దుతాం, చర్మం మరింత ఎండుతుంది. ఇలాంటి నీటికి వేరే రకపు బిళ్లలు ఉన్నాయి. చూడటానికి సబ్బులాగే ఉంటాయి గాని సబ్బు కావు. వాటి పట్టికలో ‘సోడియం కోకోయిల్ ఐసెథయొనేట్’ అనే నోరు తిరగని పేరు మొదట ఉంటుంది. అవి తెట్టు కట్టవు, క్షార గుణమూ తక్కువ. పొడి చర్మం గలవారికి వైద్యులు తరచుగా ఇవే సూచిస్తారు. సబ్బు లేని రోజుల్లో మన పెద్దలు వాడిన పెసర సున్నిపిండికి కూడా బోరు నీటితో పేచీ లేదు. అది జిడ్డును పీల్చి ఊడ్చేస్తుంది.

డిసెంబరు వచ్చిందంటే పెదవులు పగులుతాయి, మోచేతుల మీద గోటితో గీస్తే తెల్లగా గీత పడుతుంది. నెల్లూరు నుంచి పండుగకు వచ్చిన పెద్దమ్మ, “మా ఊళ్లో ఇట్లా ఉండదే!” అని ఆశ్చర్యపోతుంది. ఆమె మాట నిజమే. నెల్లూరు సముద్రానికి దగ్గర, అక్కడి గాలిలో తేమ ఎక్కువ. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి చలికాలపు గాలి పొడిగా ఉండి, చర్మంలోని నీటిని లాగేసుకుంటుంది. చర్మపు పైపొరను ఒక గోడ అనుకోండి. చనిపోయిన కణాలు ఇటుకలైతే వాటి నడుమ ఉండే కొవ్వు సున్నం వంటిది. సున్నం రాలితే గోడ బీటలు వారుతుంది.

అంగడిలో దొరికే చలికాలపు క్రీములన్నీ ఈ గోడను బాగుచేసేవే. గ్లిజరిన్ నీటిని ఆకర్షించి పట్టి ఉంచుతుంది. పెట్రోలియం జెల్లీ పైన మూతలా పరచుకొని నీరు ఆవిరి కాకుండా ఆపుతుంది. కొబ్బరినూనె కూడా కొంతవరకు ఆ పని చేస్తుంది. స్టియరిక్ ఆమ్లం వంటివి ఇటుకల సందులను నింపి నునుపు చేస్తాయి. మడమల పగుళ్ల క్రీములో ‘యూరియా’ అని చూసి తాతయ్య నవ్వవచ్చు. పొలంలో చల్లే ఎరువు పేరూ అదే కదా! రసాయనికంగా రెండూ ఒకటే. కాని క్రీములోది శుద్ధి చేసి, కొలతతో కలిపినది. గట్టిపడిన చర్మాన్ని మెత్తబరుస్తుంది. ఎరువు సంచిలోనిది తెచ్చి రాసుకోరాదు. ఖరీదైన క్రీము, చవకైన క్రీము పట్టికలు పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి నాలుగైదు పేర్లు తరచుగా ఒకటే ఉంటాయి. ఏది రాసుకున్నా, స్నానం చేసి తుడుచుకున్న వెంటనే, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉన్నప్పుడే రాసుకోవాలి.

ఇంతవరకు చెప్పుకున్నవాటిలో పొరపాటు చేస్తే నష్టం కొద్ది డబ్బు, కొంత దురద. తెల్లబరిచే క్రీముల సంగతి అలా కాదు. మన చర్మానికి రంగునిచ్చేది మెలనిన్ అనే వర్ణకం. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అది అడ్డుకుంటుంది. అంటే నల్లని చర్మం పుట్టుకతో గొడుగు పట్టుకొని వచ్చినట్టే. ఆ గొడుగును చించుకోవడానికి మనం డబ్బు ఇస్తున్నాం! 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ అనే క్రీము 2020లో గ్లో అండ్ లవ్లీగా పేరు మార్చుకుంది. తెలుపే అందమనే ప్రకటనల మీద వచ్చిన విమర్శ అందుకు ఒక కారణం.

పేరున్న కంపెనీల క్రీములు చట్టానికి లోబడి ఉంటాయి. భయం వేరే చోట ఉంది. పాదరసం మెలనిన్ తయారీని ఆపుతుంది. వారంలోనే తెల్లబరుస్తామని అమ్మే కొన్ని క్రీములలో దానిని దొంగతనంగా కలుపుతారు. అది చర్మం గుండా రక్తంలోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 2021 - 2023 మధ్య కేరళలోని కొట్టక్కల్‌లో వైద్యులు ఒక రకం మూత్రపిండాల జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వారిలో 13 మంది అంతకుముందు తెల్లబరిచే క్రీములు వాడినవారేనని తేలింది. మన దేశంలో ఇలాంటి క్రీములలో పాదరసం కలపడాన్ని 2020 నాటి నియమాలు నిషేధించాయి.

ఇక రెండవ ప్రమాదం స్టెరాయిడ్. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్ అనేవి గజ్జి, తామర కాదు, కొన్ని రకాల ఎగ్జిమా వంటి జబ్బులకు వైద్యులు కొద్దిరోజులు మాత్రమే రాయించే మందులు. ఎవరో చెప్పారని వాటిని రోజూ ముఖానికి రాస్తే మొదట నిగనిగలాడుతుంది. కొన్ని నెలలకు చర్మం పలుచబడి, ఎర్రబారి, మొటిమలు లేస్తాయి. ఆడపిల్లలకు చెంపల మీద వెంట్రుకలు కూడా మొలుస్తాయి. మానేస్తే మంట, అందుకని మళ్లీ రాయడం. 2018లో ప్రభుత్వం ఇలాంటి 14 మందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని ఆదేశించింది. ఈ మందుల పేర్లు గొట్టం మీద ఉంటాయి, వెతికితే కనిపిస్తాయి. పాదరసం కలిపిన డబ్బాల మీద మాత్రం పాదరసం అన్న మాట ఉండదు. తయారుచేసినవారి చిరునామా కూడా చాలాసార్లు ఉండదు.