చేతులు మారే రోగి: నర్సుల హ్యాండోవర్‌పై అపోహలు – వాస్తవాలు

ఒడిశాలో రాయగడ జిల్లాలోని జేకేపూర్‌లో షిఫ్టు అంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా విడమరచి చెప్పక్కర్లేదు. 1962లో కాగితం మిల్లు మొదలైన దగ్గర్నుంచి ఇక్కడి ఇళ్లలో వంటా నిద్రా షిఫ్టుల లెక్కనే సాగుతున్నాయి. బాయిలర్ దగ్గర పనిచేసే మనిషి తన తర్వాత వచ్చినవాడికి లాగ్‌బుక్ చూపించి, ఏ పంపు ఆగింది, ఏ వాల్వు రిపేరులో ఉంది చెప్పకుండా గేటు దాటడు. అదే మనిషి తల్లిని ఆసుపత్రిలో చేర్చిన రోజు, రాత్రి ఎనిమిదింటికి సిస్టర్లు డ్యూటీ మారుతుంటే అదేదో వాళ్ల లోపలి వ్యవహారం అన్నట్టు పక్కకు తప్పుకుంటాడు. ఆ కాసేపట్లో తల్లి బాధ్యత ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళుతోంది. ఆ అప్పగింత, అంటే హ్యాండోవర్, బాగా జరిగిందో లేదో ఎలా తేల్చాలన్న దాని మీద ఆసుపత్రులు నడిపేవాళ్లలోనూ కొన్ని గట్టి అపోహలున్నాయి.

అపోహ: రిజిస్టర్‌లో ఇద్దరి సంతకాలూ ఉంటే హ్యాండోవర్ సవ్యంగా జరిగినట్టే.

వాస్తవం: ఇద్దరూ కలిశారని మాత్రమే సంతకం చెబుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల జాతీయ నాణ్యతా ప్రమాణాల్లో, అంటే ఎన్‌క్వాస్‌లో, డ్యూటీ మారినప్పుడు రోగిని అప్పగించే పద్ధతికి విడిగా ఒక అంశమే ఉంది. తనిఖీకి వచ్చినవాళ్లు రికార్డు చూడటంతో సరిపెట్టుకోకూడదు. పని జరుగుతుండగా గమనించాలి, సిబ్బందిని అడగాలి, రోగినీ అడగాలి. ఆపైన మార్కులు వేయాలి: పూర్తిగా ఉంటే 2, కొంత ఉంటే 1, లేకపోతే 0. చాలాచోట్ల రిజిస్టర్ చూడటం తేలిక గనక కొలత అక్కడే ఆగిపోతుంది.

రాసి ఉండటం వేరు, కావలసిన మనిషికి తెలియడం వేరు. 1988 జులై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక మంటల్లో కాలిపోయింది. ఒక పంపు సేఫ్టీ వాల్వును మరమ్మతు కోసం విప్పేశారు. ఆ సంగతి కాగితం మీద ఉంది. రాత్రి షిఫ్టువాళ్లకు మాత్రం తెలియలేదు. రెండో పంపు ఆగిపోగానే వాళ్లు వాల్వు విప్పేసిన ఈ పంపును ఆన్ చేశారు. 167 మంది చనిపోయారు.

ఇప్పుడు మన వార్డుకు వద్దాం. రాయగడ, కోరాపుట్ కొండలకు మలేరియా కొత్త కాదు. తీవ్రమైన మలేరియాకు ఆర్టిసునేట్ ఇంజెక్షన్ మొదటిది వెంటనే, తర్వాత 12 గంటలకు, 24 గంటలకు, ఆపైన రోజుకొకటి. ఒక పిల్లవాడికి మధ్యాహ్నం ఒంటిగంటకు పొద్దుటి సిస్టర్ మొదటిది ఇచ్చిందనుకోండి. రెండోది అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు పడాలి. నడుమ రెండు నుంచి ఎనిమిది దాకా ఉన్న సిస్టర్‌కు ఆ ఇంజెక్షన్‌తో పనే లేదు. కానీ కబురు ఆమె మీదుగానే వెళ్లాలి. తన చేత్తో చేయని పని సంగతి గుర్తుపెట్టుకుని పక్కవారికి చేరవేయడం ఎంత కష్టమో ఇంట్లో ఫోన్ కబుర్లు మోసేవాళ్లను అడిగినా చెబుతారు. పైగా ఆ పిల్లవాడికి షుగరు పడిపోవచ్చు. ఎప్పుడు చూశారు, ఎంత ఉంది, మళ్లీ ఎప్పుడు చూడాలి అన్నవీ ఆ కబురుతో పాటే వెళ్లాలి.

ఫిట్స్ వచ్చిన గర్భిణి సంగతి మరీ సున్నితం. మెగ్నీషియం సల్ఫేట్‌ను పిరుదుల్లోకి ఇచ్చే పద్ధతిలో నాలుగు గంటలకోసారి, ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క ఇస్తారు. ఇచ్చే ముందు ప్రతిసారీ మోకాలి కుదుపు ఉందా, ఊపిరి నిమిషానికి 16కు తగ్గలేదు కదా, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకుండా వస్తోందా అని చూడాలి. డ్యూటీ దిగే ముందు ఒక సిస్టర్ మూత్రం సంచి ఖాళీ చేసి చార్టులో రాయలేదనుకోండి. వచ్చిన సిస్టర్‌కు ఖాళీ సంచి కనిపిస్తుంది. కిడ్నీలు పనిచేయడం లేదా, ఇప్పుడే పారబోశారా? మూత్రం రాకపోతే మందు ఒంట్లో పేరుకుని ఊపిరిని అణిచేస్తుంది. కొలిచి రాయడానికి నిమిషం కూడా పట్టని పని అది.

అందుకే, నన్నడిగితే, హ్యాండోవర్ నాణ్యతను కొలవాల్సింది అది ముగిసిన అరగంటకు. డ్యూటీలోకి వచ్చిన సిస్టర్‌ను కేస్ షీట్ ముట్టుకోకుండా అడగాలి: ఈ వార్డులో మీకు ఎక్కువ బెంగగా ఉన్న రోగి ఎవరు? రాత్రికి ఎవరికి ఏ మందు బాకీ ఉంది? ఏ రిపోర్టు రావాలి? ఏం జరిగితే డాక్టర్‌గారికి ఫోన్ చేస్తారు? ఆ జవాబులను కేస్ షీట్‌తో, దిగిపోయిన సిస్టర్ చెప్పేదానితో పోల్చి చూస్తే ఏది చేరింది, ఏది దారిలో జారిపోయిందో తెలిసిపోతుంది.

అపోహ: అనుభవమున్న సిస్టర్‌కు రాసుకోవలసిన పని లేదు.

వాస్తవం: 2005లో ఇంగ్లండ్‌లో ఒక చిన్న ప్రయోగం జరిగింది. 12 మంది ఊహాజనిత రోగుల వివరాలను వరుసగా ఐదుసార్లు ఒకరినుంచి ఒకరికి అప్పగించారు. నోటిమాటగా మాత్రమే చెప్పినప్పుడు చివరికి మిగిలింది 2.5 శాతం. వింటూ రాసుకుంటే 85.5 శాతం. అచ్చువేసిన కాగితం చేతికిచ్చి చెబితే 99 శాతం.

అపోహ: పద్ధతి ప్రకారం అప్పగిస్తే గంటలు పోతాయి.

వాస్తవం: అమెరికా, కెనడాల్లోని 9 ఆసుపత్రుల పిల్లల వార్డుల్లో జూనియర్ డాక్టర్లకు రోగిని అప్పగించడానికి ఐ-పాస్ అనే పద్ధతి నేర్పి చూశారు. రోగుల 10,740 అడ్మిషన్ల వివరాలతో 2014లో ఫలితాలు వచ్చాయి. వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం, తప్పించగలిగే హాని 30 శాతం తగ్గాయి. ఒక్కో రోగికి పట్టిన సమయం మాత్రం ఇంచుమించు అంతే, రెండున్నర నిమిషాలు. ఇది డాక్టర్ల లెక్క అని మరచిపోకూడదు. నర్సుల హ్యాండోవర్‌లో ఏ తీరు మేలో తేల్చడానికి అదే ఏడాది, వైద్య అధ్యయనాలను జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ సమీక్షకులు గాలిస్తే వాళ్ల ప్రమాణాలకు నిలిచిన అధ్యయనం ఒక్కటీ దొరకలేదు. కాబట్టి ఫలానా ఫారమే గొప్పదని ఎవరైనా బల్లగుద్ది చెబితే నమ్మనక్కర్లేదు.

అపోహ: రోగికి, వెంట ఉన్నవాళ్లకు ఇందులో పని లేదు.

వాస్తవం: మంచం దగ్గర నిలబడి అప్పగిస్తే సెలైన్ ఏ వేగంలో ఎక్కుతోంది, చేతికి పెట్టిన సూది దగ్గర వాచిందా అన్నవి ఇద్దరి కళ్లకూ ఒకేసారి కనిపిస్తాయి. హెచ్‌ఐవీ లాంటి గుట్టు విషయాలు మాత్రం నర్సుల టేబుల్ దగ్గరే మాట్లాడుకోవాలి. మన దగ్గర ఇంకో చిక్కు భాష. ఒకే వార్డులో కుయి, కువి, సవర, దేశియా, ఒడియా, తెలుగు వినిపిస్తాయి. నొప్పి ఎక్కడని ఒక భాషలో అడిగి, ఇంకో భాషలో విని, ఇంగ్లీషులో రాస్తారు. రోగి ఏ భాష మాట్లాడతాడు, ఆ మాట విప్పి చెప్పేవాళ్లు రాత్రిపూట ఎవరున్నారు అన్నదీ హ్యాండోవర్‌లో ఉండాలి. దాన్నీ తనిఖీలో చూడాలి.

అపోహ: ఏదైనా జారిపోతే అది ఆ సిస్టర్ అశ్రద్ధ.

వాస్తవం: పొద్దుటి డ్యూటీ రెండింటికి ముగిసి, మధ్యాహ్నం డ్యూటీ రెండింటికే మొదలయ్యేలా రోస్టర్ వేస్తే అప్పగించడానికి సమయం ఏదీ? అందుకు కావలసిన పావుగంటను సిస్టర్ తన సొంత వేళలోంచి, ఇంటికెళ్లే ఆఖరి ఆటో వేళలోంచి ఇస్తోంది. మార్కులు వేసేవాళ్లు ముందు రోస్టర్ చూడాలి. రెండు డ్యూటీలు కనీసం పావుగంట కలిసి ఉండేలా వేయని వార్డులో సిస్టర్‌కు సున్నా వేయడం అన్యాయం.

ఇక వెంట ఉన్నవాళ్లం చేయగలిగింది ఉంది. సిస్టర్లు మంచం దగ్గరికి వచ్చినప్పుడు పక్కకు తప్పుకోకుండా, “మళ్లీ ఇంజెక్షన్ ఎన్నింటికి సిస్టర్?” అని అడగడం. మలేరియా పిల్లవాడి తల్లికి అర్ధరాత్రి దాటాక ఇంకో సూది ఉందని ఎవరైనా కుయిలో చెబితే, ఒంటిగంట అయ్యేసరికి ఆమె సిస్టర్ టేబుల్ ముందు నిలబడి ఉంటుంది.