ఊరి రాయి దగ్గర మొదలయ్యే పాఠం

నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊరుంది. అక్కడ దొరికిన శాసనం 1289 నవంబరు నాటిది. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారనీ, వారికి పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే సేవకుడు ఆ ఊరి సోమనాథదేవుడికి భూమి దానమిచ్చాడనీ అందులో ఉంది. ఆ శాసనం వెలుగులోకి వచ్చేదాకా రుద్రమ 1295 వరకూ పాలించిందనే చదువుకున్నాం. ఒక్క రాయి ఆ లెక్క మార్చేసింది.

ఈ సంగతి నాలుగో తరగతి పిల్లలకు చెప్తే, "ఎలా చనిపోయింది సార్?" అని అడగకుండా ఉండరు. శాసనం ఆ మాట చెప్పదు. ఆమె మీద తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరులో ఇద్దరూ మరణించి ఉంటారని చరిత్రకారులు అంటారు. రాతి మీద ఉన్నదేది, మనం ఊహించుకున్నదేది అన్న తేడా తొమ్మిదేళ్ల పిల్లకు చక్కగా అర్థమవుతుంది. ప్రాథమిక బడిలో చరిత్ర అంటే ముందుగా చెప్పాల్సింది ఇదే. రాజుల పేర్లూ తేదీలూ ఆ తర్వాత నేర్చుకోవచ్చు.

ఐదో తరగతి దాకా మన పిల్లలకు చరిత్ర పుస్తకం విడిగా ఉండదు. కుటుంబం, ఊరు, పండగలు, పాత కట్టడాలు అన్నీ పరిసరాల విజ్ఞానంలోనే వస్తాయి. ఆరో తరగతిలో సాంఘిక శాస్త్రం చేతికి రాగానే ఆదిమానవుడు, సింధు నాగరికత, మౌర్యులు వరసగా మీద పడతారు. వెయ్యేళ్లంటే ఎంతో తెలియకుండానే పిల్లలు క్రీస్తు పూర్వాన్నీ క్రీస్తు శకాన్నీ బట్టీ పడతారు. అలాగని మూడో తరగతికే ఇంకో పుస్తకం అచ్చు వేయమని నేననను. పుస్తకం లేదు కాబట్టే టీచరు పిల్లల్ని చెరువుకట్ట దాకా నడిపించుకెళ్లొచ్చు.

ముందు కాలం కొలత తెలియాలి. అందుకు ఒక పొడవాటి తాడు చాలు. వరండా పొడవునా కట్టి, నూరేళ్లకు ఒక మీటరు చొప్పున గుడ్డపీలికలు ముడి వేయించాలి. ఎనిమిదేళ్ల పిల్లవాడు పుట్టింది ఇవాళ్టి కొస నుంచి 8 సెంటీమీటర్ల దగ్గర. వాళ్ల నాయనమ్మ పుట్టుక 70 సెంటీమీటర్ల దగ్గర ఉండొచ్చు. స్వాతంత్ర్యం వచ్చిన 1947 కూడా మొదటి మీటరులోపే. రామప్ప గుడి శాసనం 1213 నాటిది, అక్కడికి 8 మీటర్లు నడవాలి. తొలి తెలుగు శాసనాల్లో ఒకటైన కడప జిల్లా కలమళ్ల శాసనం 14 మీటర్లు దాటాక వస్తుంది. అస్థికలు ఉంచే ధాతు కరండాల మీద బ్రాహ్మీ అక్షరాలు దొరికిన భట్టిప్రోలు 22 మీటర్లకు అవతల. చాలా బడుల్లో ఆ సరికి వరండా అయిపోతుంది, పిల్లలు తాడు పట్టుకుని ఆటస్థలంలోకి దిగాల్సిందే. అంత దూరం తమ కాళ్లతో నడిచిన పిల్లలకు రుద్రమ ముందా, భట్టిప్రోలు ముందా అని మళ్లీ చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత ఊరు చూడాలి. చెరువుగట్టునో పాత గుడి ఆవరణలోనో పసుపు పూసి, కుంకుమ పెట్టిన వీరగల్లు, అంటే చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, కొన్ని ఊళ్లలో ఉంటుంది. ఊరివాళ్లు దాన్ని దేవుడంటారు. టీచరు ఆ మాటను కొట్టిపారేయకూడదు. దండం పెట్టుకునేవాళ్లను పెట్టుకోనిచ్చి, అప్పుడు అడగాలి: కత్తి ఏ చేతిలో ఉంది? గుర్రం ఉందా? పక్కన ఆవుల్ని చెక్కారా? పైన సూర్యుడూ చంద్రుడూ ఎందుకున్నారు? సూర్యచంద్రులు ఉన్నంతకాలం అతని పేరు నిలవాలని అలా చెక్కేవారు. ఆవులుంటే ఊరి మందను కాపాడబోయి ప్రాణం విడిచినవాడై ఉండొచ్చు. బొమ్మ గీసుకుంటూ చూసిన పిల్లలు పెద్దల కంటికి ఆనని వివరాలు పట్టుకుంటారు.

ఇంట్లోనూ ఆధారాలు ఉంటాయి. రూపాయికి నూరు నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంతకుముందు 16 అణాలు. ఏ తాతపెట్టెలోనో ఒక అణా బిళ్ల దొరికితే ఆ రోజు లెక్కల పాఠం, చరిత్ర పాఠం ఒకటే అవుతాయి.

కథలు వద్దని కాదు. గుజరాత్‌కు చెందిన గిజుభాయి బధేకా తన 'దివాస్వప్న'లో నాలుగో తరగతికి చరిత్రను కథలుగా చెప్పే ఉపాధ్యాయుణ్ని చూపించాడు. తెలుగు టీచర్లు ఎందరో ఆ పుస్తకం చదివారు. కథ చెప్పాక, ఇందులో మనకు తెలిసినదెంత, కల్పించినదెంత అని ఒక్కసారి పిల్లల్నే అడిగితే చాలు.

కష్టమైన పాఠాలూ ఉన్నాయి. తెలంగాణ పల్లెలో దొరల పాత గడి కనిపిస్తుంది. దాని ముందు నుంచి వెళ్లాలంటే చెప్పులు చేత పట్టుకోవాల్సి వచ్చేదని, వెట్టి చేశామని ముసలివాళ్లు చెప్తారు. ఊరి బావిలో నీళ్లు చేదుకోనివ్వని రోజుల గురించి ఇంకొకరు చెప్తారు. చిన్నపిల్లలకు ఇవన్నీ ఎందుకని దాటేయడం నాకు ఇష్టం లేదు. ఆ అవమానం పడ్డ ఇంటి పిల్ల అదే బల్ల మీద కూర్చుని ఉంటుంది, ఆమెకు ఈ సంగతి ముందే తెలుసు. అయితే ఏ పిల్లనీ లేపి మీ ఇంట్లో ఏం జరిగిందో చెప్పమనకూడదు. ఎవరి పిల్లల్నీ తాతల పనులకు జవాబుదారుల్ని చేయకూడదు. అలా జరిగేదని, దాన్ని ఆపడానికి జనం పోరాడారని తిన్నగా చెప్పాలి.

ఊరి చరిత్ర ఊరివాళ్లనే అడిగి రాయడం మనకు కొత్త పనేం కాదు. 1800 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వారి తోటి ఉద్యోగులు ఊరూరా కరణాలను అడిగి కైఫీయత్తులు అనే ఊరి చరిత్రలు సేకరించారు. తర్వాత సి.పి. బ్రౌన్ వాటికి ప్రతులు రాయించాడు. గుంటూరు, కడప కైఫీయత్తులు ఇప్పుడు అచ్చులో ఉన్నాయి. మీ ఊరి కైఫీయత్తు వాటిలో ఉంటే టీచరు ఒక పేజీ చదివి వినిపించవచ్చు. లేకపోతే ఐదో తరగతి పిల్లలే ఒక నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టొచ్చు. చెరువు ఎవరు తవ్వించారో, మొదటి బస్సు ఎప్పుడొచ్చిందో, బడి ఎవరి వసారాలో మొదలైందో అడిగి రాసుకోవాలి. ప్రతి సంగతి పక్కనా ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో ఉండాలి. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ రాసుకోవాలి. ఏది నిజమో తేల్చేందుకు మూడో మనిషిని వెతుక్కుంటూ వెళ్లాలి.