పగడపు దిబ్బలకు కాపలా నత్త

నత్త అనగానే వాన వెలిసిన పెరట్లో మెల్లగా పాకే ప్రాణి స్ఫురిస్తుంది. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల పగడపు దిబ్బల్లో నివసించే ట్రైటన్ నత్త మాత్రం వేటగాడు. గుల్ల దాదాపు అర మీటరు వరకు పెరుగుతుంది. గుల్లను ఊది శబ్దం చేసే గ్రీకుల సముద్ర దేవత పేరే దీనికి పెట్టారు. జపాన్‌లో కొండల్లో తపస్సు చేసే యమబుషి సాధువులు నేటికీ ఈ గుల్లను ఊదుతారు.

దీని ప్రధాన ఆహారం నక్షత్ర చేపలు. ముళ్లకిరీటం అనే విషపు ముళ్ల నక్షత్ర చేపను తినగల ప్రాణులు బహు తక్కువ. ట్రైటన్ వాసన పట్టి దాన్ని వెంటాడుతుంది, బలమైన పాదంతో అదిమిపడుతుంది, రంపం వంటి నాలుకతో చర్మాన్ని కోసి, లాలాజలంతో కదలకుండా చేసి భుజిస్తుంది.

ఈ వేటకు ఇంత విలువ ఎందుకంటే, ముళ్లకిరీటం తన జీర్ణాశయాన్ని బయటికి చాచి సజీవ పగడాలనే కరిగించి తింటుంది. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ 1985-2012 మధ్య తన పగడపు విస్తీర్ణంలో సగం కోల్పోయిందని 2012లో అక్కడి శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఆ నష్టంలో 42 శాతం ఈ నక్షత్ర చేపల వల్లనేనని లెక్క తేల్చారు. మిగిలిన దానిలో అధిక భాగం తుపానులది.

అయితే ట్రైటన్లను వదిలితే సమస్య తీరుతుందా? అంత తేలిక కాదు. ఒక్కో నత్త తినేది వారానికి సుమారు ఒక నక్షత్ర చేపను మాత్రమే. ఆడ నక్షత్ర చేప ఒక్క రుతువులో పెట్టే గుడ్లు కోట్లలో ఉంటాయి. అందుకే శాస్త్రజ్ఞుల దృష్టి ఆకలి కంటే భయం మీద పడింది. ట్రైటన్ వాసన నీటిలో కలిస్తే చాలు, ముళ్లకిరీటాలు చెదిరి పారిపోతున్నట్లు ప్రయోగాల్లో తేలింది. గుంపుగా చేరి గుడ్లు విడుదల చేసే వేళ వాటిని చెదరగొట్టగలిగితే సంతతి తగ్గవచ్చునని ఆశ. ఈ నత్తల పెంపకంపై పరిశోధనకు ఆస్ట్రేలియా ప్రభుత్వం 2017లో నిధులు ప్రకటించింది. ప్రస్తుతానికి మాత్రం ఈతగాళ్లు ఒక్కొక్క ముళ్లకిరీటానికి సూదిమందు వేయవలసిందే.

ట్రైటన్లు అరుదు కావడానికి కారణం వాటి గుల్ల అందమే. మనదేశంలో లక్షద్వీప్, అండమాన్ దీవుల్లో ఇవి ఉన్నాయి. కేంద్రం 2001లో వీటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. పులికి ఇచ్చే రక్షణ అదే. గుల్లను అమ్మడం, కొనడం నేరం. పూజామందిరాల్లో ఊదే తెల్లని, బరువైన శంఖం వేరే జాతి. ట్రైటన్ గుల్ల కోసుగా సాగి, గోధుమవర్ణపు చారలు, మచ్చలతో ఉంటుంది.