తిమ్మిరిని తేలిగ్గా తీసుకోకండి

మసీదు నుంచి ఇంటికొచ్చిన పెద్దాయన గుమ్మం దగ్గర చెప్పులు విడవబోతే ఒక కాలికి చెప్పే లేదు. దారిలో ఎక్కడ జారిపోయిందో ఆయనకు తెలియదు. "అబ్బాకు మతిమరుపు మొదలైంది" అని ఇంట్లో పిల్లలు నవ్వుకుంటారు. అది మతిమరుపు కాదు. చెప్పు ఊడిపోయిన కబురు కాలు నుంచి మెదడుకు చేరలేదు, అంతే. ఆ కబురు మోసుకెళ్ళవలసిన నరం పని మానేసింది. చాలా ఏళ్ళుగా షుగరు ఉన్నవారిలో ఇది తరచుగా కనిపించే లక్షణం. ఇంట్లో ఎవరూ పట్టించుకోని లక్షణం కూడా.

నరం అనే మాటను మన తెలుగులో చాలా ఉదారంగా వాడతాం. రక్తం తీసే చోట "నరం దొరకలేదు" అంటాం. మెడ పట్టేస్తే "నరం పట్టింది" అంటాం. చేయి తెగితే "నరం తెగింది" అంటాం. మొదటిది రక్తనాళం, రెండోది చాలాసార్లు కండరం, మూడోది ఏదైనా కావచ్చు. యునానీ గ్రంథాల్లో వీటికి వేర్వేరు పేర్లున్నాయి. రక్తాన్ని గుండెకు చేర్చే నాళం వరీద్. కండరాన్ని ఎముకకు కట్టే తాడు వతర్, అంటే స్నాయువు. కబుర్లు మోసేది అసబ్. ఈ వారం మనం మాట్లాడుకునేది ఈ అసబ్ గురించే. వతర్‌ను కూడా గుర్తుంచుకోండి, కాసేపట్లో దానితో పని పడుతుంది.

1037లో కన్నుమూసిన ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్'లో అవయవాలను విభజిస్తూ గుండెకు ధమనులు, కాలేయానికి సిరలు, మెదడుకు నరాలు సేవకులని చెప్పారు. నరాలన్నీ మెదడు నుంచి గానీ వెన్నుపాము నుంచి గానీ బయలుదేరతాయనీ, స్పర్శ, కదలిక వాటి గుండానే అవయవాలకు అందుతాయనీ ఆయనకు స్పష్టంగా తెలుసు. అంతకు ఎనిమిది శతాబ్దాల ముందే జాలీనూస్ (గాలెన్) వేళ్ళలో స్పర్శ పోయిన ఒక రోగికి వేళ్ళకు కాక మెడ వెనుక వెన్ను భాగానికి చికిత్స చేశాడు. ఆ రోగి రథం మీద నుంచి పడి దెబ్బ తగిలించుకున్నది అక్కడే మరి. తిమ్మిరి ఒక చోట, జబ్బు మరో చోట ఉండవచ్చన్న సంగతి ఆనాటి నుంచీ ఉన్నదే. కాకపోతే పెద్దలు చెప్పిందంతా అక్షరాలా నిలబడలేదు. మెదడు నుంచి నేరుగా వచ్చే నరాలు ఏడు జతలని వారు లెక్కించారు, నేటి లెక్క పన్నెండు. నరాల్లో రూహె నఫ్సానీ ప్రవహిస్తుందన్నారు. ఇప్పుడు తెలిసింది వేరు.

నరం అంటే వేలాది సన్నని పోగుల కట్ట. ఒక్కో పోగు ఒక నాడీకణపు తోక. కణం అనగానే కంటికి కనపడని చుక్కను ఊహించుకుంటాం. నాడీకణానికి మాత్రం ఆ చుక్క నుంచి పొడవాటి దారం సాగుతుంది. కాలి బొటనవేలికి వెళ్ళే దారం నడుము దగ్గర నుంచి ఒకే కణంగా, ఎక్కడా అతుకు లేకుండా, దాదాపు మీటరు పొడవుంటుంది. కణపు కాయాన్ని చింతగింజంత అనుకుంటే ఆ దారం వంద మీటర్ల దూరం పోవాలి. ఆ దారం కొసకు కావలసిన సరుకంతా మొదట్లో తయారై అంత దూరమూ ప్రయాణం చేయాలి. అందుకే షుగరు వంటి జబ్బులు అన్నిటికంటే పొడవైన నరాలనే ముందుగా దెబ్బతీస్తాయి. తిమ్మిరి వేళ్ళ కొసల్లో మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది.

ఇవి పుట్టే తీరు మరీ విచిత్రం. తల్లి కడుపులో పిండానికి మూడో వారంలో వీపు వైపు ఒక పలుచని రేకు ఏర్పడుతుంది. దాని అంచులు పైకి లేచి కలుసుకుని గొట్టంలా మూసుకుంటాయి. గర్భం నిలిచిన 28 రోజులకల్లా ఈ పని పూర్తవుతుంది. ఆ గొట్టమే తర్వాత మెదడు, వెన్నుపాము అవుతుంది. అది సరిగా మూసుకోకపోతే బిడ్డ వెన్ను లోపంతో పుడుతుంది. 28 రోజులకు చాలామంది తల్లులకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు! అందుకే ఫోలిక్ ఆమ్లం మాత్రను గర్భం రాకముందు నుంచే వేసుకోమని వైద్యులు చెబుతారు. ఈ ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన తెలుగువాడే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అది వెన్ను లోపాలను చాలావరకు ఆపుతుందని 1991లో గట్టిగా రుజువైంది. కొత్త కోడలు ఉన్న ఇంట్లో అత్తగారు తెలుసుకోవలసిన విషయమిది.

గొట్టం గోడల్లో పుట్టిన నాడీకణాలు తమ దారాలను బయటికి చాపుతాయి. దారం కొసన చిన్న చేయి వంటి భాగం ఉంటుంది. చుట్టూ ఉన్న రసాయనాలను తడుముకుంటూ, కొన్నిటి వైపు జరుగుతూ, కొన్నిటి నుంచి తప్పుకుంటూ అది తన కండరం దాకా, తన చర్మం దాకా దారి వెతుక్కుంటుంది. అవసరమైన దానికన్నా ఎక్కువ కణాలు పుట్టి, చేరవలసిన చోటికి చేరి ఆసరా దొరికినవి నిలుస్తాయి, మిగిలినవి రాలిపోతాయి. చివరికి పెద్దవారి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు మిగులుతాయి. పుట్టిన తర్వాత కూడా బిడ్డ వాడుకునే అతుకులు గట్టిపడుతూ, వాడనివి సడలిపోతూ ఉంటాయి.

పోగులో పరుగెత్తే కబురు విద్యుత్తు వంటిదే, కానీ కరెంటు తీగలో పోయే రకం కాదు. పోగు గోడలో చిన్న చిన్న తలుపులుంటాయి. అవి తెరుచుకుంటే సోడియం లోపలికి వస్తుంది, ఆ వెంటనే పొటాషియం బయటికి పోతుంది. ఆ కదలిక పక్క తలుపును తెరుస్తుంది, అది దాని పక్కదాన్ని. పోగు చుట్టూ కొవ్వు తొడుగు ఉంటే కబురు గంతులు వేస్తూ పోతుంది. అలాంటి పోగుల్లో వేగం సెకనుకు 100 మీటర్ల దాకా ఉంటుంది, అంటే గంటకు 360 కిలోమీటర్లు. కాట్పాడి జంక్షన్ మీదుగా పోయే ఏ రైలూ అంత వేగం చూడలేదు. తొడుగు లేని సన్నని పోగుల్లో మాత్రం సెకనుకు మీటరే. కాలి వేలు గడపకు తగిలినప్పుడు తగిలిందని ముందు తెలిసి, ఒక్క క్షణం ఆగి ఆ మంట నొప్పి రావడానికి కారణం ఇదే. అవి రెండూ వేర్వేరు పోగుల మీద వస్తాయి. పోగు కొసన ఒక కణం మరో కణాన్ని అంటుకుని ఉండదు. మధ్యలో సందు ఉంటుంది, ఆ సందులోకి రసాయనం చిమ్మి కబురును దాటిస్తుంది.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. కాట్పాడికి దగ్గర్లోనే కరిగిరి ఉంది. 1955లో అక్కడ షీఫెలిన్ కుష్ఠు పరిశోధనాలయం మొదలైంది. మన పెద్దవాళ్ళు ఆ దారిన పోవడానికే జంకేవారు. యునానీలో జుజామ్ అనే ఈ జబ్బును ఎక్కువమంది చర్మవ్యాధి అనుకుంటారు. నిజానికి ఇది నరాల జబ్బు. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొన్న ఆ క్రిమి, నరపు పోగులకు తొడుగు చుట్టే ష్వాన్ కణాల్లోనే కాపురం పెడుతుంది. దానికి చల్లని చోటు కావాలి. అందుకే చర్మానికి దగ్గరగా ఉండే నరాలను, అంటే మోచేతి వెనుక, మోకాలి పక్కన, చీలమండ లోపలి వైపు ఉన్నవాటిని ఎంచుకుంటుంది. ముందు వేడి, చల్లదనం తెలియవు. తర్వాత నొప్పి తెలియదు. చెమట ఆగి చర్మం ఎండిపోతుంది. చివరికి కండరాలు చచ్చుబడి వేళ్ళు కొక్కెంలా వంగిపోతాయి.

వేళ్ళు అరిగిపోయేది దేనివల్ల? ఈ ప్రశ్నకు జవాబు దొరికింది వేలూరులోనే. 1946లో సి.ఎం.సి.కి వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ ఒక సంఘటన రాసుకున్నారు. తుప్పు పట్టిన తాళం ఆయనకు తిరగలేదు. పక్కనున్న కుష్ఠు బాధితుడైన కుర్రాడు అవలీలగా తిప్పేశాడు. అంత బలమెక్కడిదని చూస్తే కుర్రాడి వేలు ఎముక దాకా తెగి నెత్తురు కారుతోంది. వాడికి ఆ సంగతే తెలియదు. మనకూ అంత బలం ఉంది, కానీ నొప్పి మనల్ని మధ్యలోనే ఆపేస్తుంది. కొందరికి రాత్రికి రాత్రి వేళ్ళ కొసలు మాయమయ్యేవి. కాపు కాసి చూస్తే ఎలుకలు కొరుకుతున్నాయి, నిద్రపోతున్నవారు మేలుకోవడం లేదు. ఆ తర్వాత ఇంటికి వెళ్ళే ప్రతి రోగికీ ఒక పిల్లిని ఇచ్చి పంపేవారట! జబ్బు వేళ్ళను తినడం లేదు. నొప్పి లేని చేతిని రోజువారీ పనులే తినేస్తున్నాయి.

కొక్కెంలా వంగిన ఒక రోగి చేతిలో చేయి పెట్టి గట్టిగా నొక్కమంటే బ్రాండ్‌కు కళ్ళు తిరిగినంత నొప్పి వేసింది. అంటే మోచేతి కింద కండరాల్లో బలం ఇంకా ఉంది, అరచేతిలోని చిన్న కండరాలే పోయాయి. అక్కడ ఆయన వతర్‌ను అందుకున్నారు. ఒక్కో వేలిని వంచడానికి రెండు స్నాయువులుంటాయి. ఉంగరపు వేలికి ఒకటి చాలు. రెండోదాన్ని విడదీసి దారి మళ్ళించి బొటనవేలికి కుట్టారు. 1948లో ఈ శస్త్రచికిత్సలు మొదలయ్యాయి. 1952లో లండన్‌లో ఆయన దీని మీద ఉపన్యాసమిస్తే ప్రపంచంలోని చేతి వైద్యులంతా విన్నారు. ఆ మధ్యలోనే, 1949లో, డాక్టర్ జేకబ్ చాండీ సి.ఎం.సి.లో దేశంలోనే మొట్టమొదటి నాడీ శస్త్రచికిత్స విభాగాన్ని స్థాపించారు.

కుట్టు మానాక అసలు పని మొదలయ్యేది. రోగి బొటనవేలిని కదపాలనుకుంటే ఏమీ జరగదు. ఉంగరపు వేలిని వంచాలనుకోవాలి, అప్పుడు బొటనవేలు కదులుతుంది! మెదడుకు పాత దారే తెలుసు, తాడు కొస మారిన కబురు దానికి అందలేదు. వ్యాయామం చేయించే మనిషి పక్కన కూర్చుని మళ్ళీ మళ్ళీ చేయిస్తే కొన్ని వారాలకు ఆ తికమక పోతుంది. బొటనవేలు అనుకుంటే బొటనవేలే కదులుతుంది. పసిబిడ్డలో గట్టిపడిన అతుకులు పెద్ద వయసులోనూ మారగలవు. ఫాలిజ్ వచ్చినవారికి వ్యాయామం ఆపవద్దనేది కూడా ఇందుకే. పక్షవాతం వచ్చిన మనిషిని జాలితో మంచానికి కట్టేసే ఇళ్ళు మనలో ఇంకా ఉన్నాయి.

మరి చచ్చిన నరమే తిరిగి పెరగదా? చేతులు, కాళ్ళలోని నరం తెగితే, కణపు కాయం బతికి ఉండి తొడుగు గొట్టం మిగిలి ఉంటే, దారం మళ్ళీ సాగుతుంది. రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మణికట్టు నుంచి వేలి కొస దాకా వెళ్ళడానికి ఆరు నెలలు పడుతుంది. జుజామ్‌లో ఆ తొడుగు కణమే క్రిమికి ఇల్లు కాబట్టి ఈ అవకాశం చాలావరకు పోతుంది. అందుకే కాలం విలువైనది. నరం పని తగ్గి ఆరు నెలలు దాటకముందే చేరితే ప్రెడ్నిసొలోన్ వంటి మందుతో దాన్ని కాపాడే వీలుంది. క్రిమిని చంపే మూడు మందుల చికిత్స 1980ల నుంచీ ఉంది, ఉచితంగా ఇస్తారు, ఆరు నెలలో ఏడాదో వాడాలి. మన దేశంలో 2023లో కూడా లక్షకు పైగా కొత్త రోగులు నమోదయ్యారు. చర్మం మీద రంగు తగ్గి స్పర్శ తెలియని మచ్చ కనిపిస్తే, సంబంధాలు చెడతాయని దాచకండి. భర్తకు కుష్ఠు ఉంటే భార్య విడాకులు కోరవచ్చని 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టంలో ఉన్న నిబంధనను కూడా 2019లో తొలగించారు.

యునానీ వైద్యం వైపు నుంచి ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఈ క్రిమికి మన మాజూన్లు, తైలాలు మందు కావు. నూనెకు వేరే చోటు ఉంది. చెమట పట్టని ఎండు పాదాన్ని ఇరవై నిమిషాలు మామూలు నీళ్ళలో నానబెట్టి, తడి పైన నూనె పూస్తే పగుళ్ళు రావు. కుష్ఠు ఆసుపత్రుల్లోనూ ఇదే నేర్పుతారు. కాపడం మాత్రం వద్దు. తిమ్మిరి ఉందని వేడి ఇటుక, వేడి నీళ్ళు పెట్టి కాళ్ళు కాల్చుకున్నవారు ఎందరో. ఎండాకాలం జుమా రోజున మసీదు ఆవరణలో కాలిన బండల మీద వట్టి కాళ్ళతో నడిచినా అంతే. వుజూ నీళ్ళ వేడిని స్పర్శ బాగున్న మనిషి మోచేతితో చూసి చెప్పాలి. చాలా ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడేవారు బి12 పరీక్ష కూడా చేయించుకోవాలి, అది తగ్గినా తిమ్మిరే.

ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. పెద్దాయనను కళ్ళు మూసుకోమనండి. రెండు పాదాల బొటనవేలు, మధ్యవేలు, చిటికెన వేలు, మొత్తం ఆరు వేళ్ళ కొసలను మీ చూపుడు వేలితో ఒకటి రెండు సెకన్లు మెల్లగా తాకండి. నొక్కవద్దు, గిల్లవద్దు. తాకినప్పుడల్లా ఏ కాలో చెప్పమనండి. రెండు లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల తెలియకపోతే వైద్యుడికి చూపించాలి. ఆ తర్వాత రోజూ రాత్రి అరికాళ్ళను ఇంట్లో ఎవరో ఒకరు చూడాలి.

చెప్పుల విషయం. వేలూరులో కుష్ఠు రోగుల కోసం బ్రాండ్ బృందం పట్టుబట్టి వాడుకలోకి తెచ్చిన మెత్తని రబ్బరు అట్ట ఎం.సి.ఆర్. చెప్పులనే పేరుతో ఇప్పుడు షుగరు రోగులందరికీ దొరుకుతోంది. తోలు పనికి పేరుబడ్డ ప్రాంతం మనది, చేయించుకోవడమూ కష్టం కాదు. మేకు ఒక్కటీ ఉండకూడదు, అంటించాలి లేదా కుట్టాలి. మడమ వెనుక పట్టీ ఉండాలి, అప్పుడే దారిలో జారిపోదు. కొత్త జతను మొదటి రోజు అరగంటే వేసుకుని, విప్పి, పాదం చూసుకోవాలి. ఎర్రగా కందిన చోటు ఇంకో అరగంటకు కూడా మామూలు కాకపోతే ఆ జతను తిరిగి ఇచ్చేయండి.