సంగీతం వినే చెవి ఎక్కడిది?

మార్క్సిజం అనగానే మనకు జెండా, సమ్మె, పార్టీ గుర్తొస్తాయి. తెలుగు నేల మీద ఆ మాట నడిచివచ్చిన దారి అలాంటిది. కానీ మార్క్స్ తొలి ప్రశ్న ప్రభుత్వాల గురించి కాదు. 1841లో ఆయనకు జెనా విశ్వవిద్యాలయం డాక్టరేట్ ఇచ్చింది గ్రీకు తాత్వికులు డెమొక్రిటస్, ఎపిక్యూరస్‌ల పరమాణువాదాల మధ్య తేడా మీద రాసిన పరిశోధనకు. డెమొక్రిటస్ లోకంలో అంతా అనివార్యమే. ఎపిక్యూరస్ మాత్రం, పడుతున్న పరమాణువు తన దారి నుంచి రవ్వంత పక్కకు ఒరుగుతుందన్నాడు. ఆ రవ్వంత ఒరుగులో యువ మార్క్స్‌కు స్వేచ్ఛకు చోటు కనిపించింది.

మూడేళ్ల తర్వాత పారిస్‌లో రాసుకున్న రాతప్రతుల్లో ఆయన మనిషి దగ్గరికి వచ్చాడు. మనిషిని మనిషిగా చేసేది పని అన్నాడు. పక్షీ గూడు కడుతుంది, తన అవసరం మేరకే. మనిషి అవసరం తీరాక కూడా చేస్తాడు, అందం కోసమూ చేస్తాడు. నీళ్లకైతే వట్టి కుండ చాలు. దాని మెడ చుట్టూ గీతలెందుకు? ఆ గీతల్లో చేసినవాడు తనను తాను చూసుకుంటాడు. ఆ పనీ, ఆ వస్తువూ ఇంకొకరి సొత్తయినప్పుడు కలిగేదే పరాయీకరణ. చేసిన వస్తువు పరాయిదవుతుంది, చేసే పని పరాయిదవుతుంది, తోటిమనిషి పరాయివాడవుతాడు, చివరికి తన మనిషితనమే తనది కాకుండా పోతుంది. కూలి పెంచినంత మాత్రాన ఇది పోదని మార్క్స్ అక్కడే తేల్చాడు.

ఆ రాతల్లో నేను మళ్లీ మళ్లీ వెళ్లే చోటు ఇంద్రియాల గురించినది. చెవి పుట్టుకతో వస్తుంది, సంగీతం వినే చెవి రాదు. తోడి రాగంలో గాంధారం ఊగే తీరును పట్టుకునే చెవి వెనక ఎన్నో తరాల సాధన ఉంది. పనసచెక్కను వీణగా తొలిచిన బొబ్బిలి పనివాళ్ల చేతులూ ఉన్నాయి. అంటే మన చూపూ వినికిడీ కూడా చరిత్ర తయారుచేసినవే. అవి ఎదగాలంటే బతుకు అనుమతించాలి. ఆకలితో అల్లాడేవాడికి అన్నం కడుపు నింపేదే తప్ప రుచి కాదు. ఖనిజాల వర్తకుడి కంటికి రాయి ధర కనిపిస్తుంది, దాని అందం కనిపించదు. ఈ రెండు ఉదాహరణలూ మార్క్స్‌వే. జ్ఞానం ఎలా కలుగుతుంది, అందం ఎవరికి అందుతుంది అనే పాత తాత్విక ప్రశ్నలను ఆయన ఇక్కడ శ్రమ వైపు నుంచి అడుగుతున్నాడు.

ఈ రాతప్రతులు పూర్తిగా అచ్చయింది 1932లో. మార్క్స్ 1883లో, లెనిన్ 1924లో పోయారు. విప్లవాన్ని నడిపిన లెనిన్ ఈ పేజీలను చూడనే లేదు. మార్క్సిజం మనదాకా ముందు రాజకీయంగానే రావడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

పెద్దయ్యాక మార్క్స్ ఈ ఆలోచనలను వదిలేశాడని కొందరంటారు. నాకలా అనిపించదు. 1867లో వచ్చిన ‘పెట్టుబడి’ మొదటి అధ్యాయం చూడండి. మనుషుల మధ్య సంబంధం సరుకుల మధ్య సంబంధంలా కనిపించడం అక్కడి విషయం. అంగట్లో చొక్కా పట్టుకుంటే చీటీ మీది ధర కనిపిస్తుంది, కుట్టిన చేతులు కనిపించవు. రాయిలో ధరను మాత్రమే చూసిన ఆ వర్తకుడి కన్నే ఇప్పుడు మనందరికీ వచ్చింది.