పౌర గ్రంథాలయాలకు అందుబాటు ధరలో టెలికాం సేవలు: అమెరికా ‘ఈ-రేట్’ విధానం - పరిశీలన

1996 ఫిబ్రవరి 8న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ టెలికమ్యూనికేషన్ల చట్టంపై సంతకం చేసిన చోటు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్. చట్టంలోని 254వ విభాగానికి ఆ వేదిక తగినదే. పాఠశాలలకు, గ్రంథాలయాలకు టెలికాం సంస్థలు ఇతరులకన్నా తక్కువ ధరకు సేవలందించాలని ఆ విభాగం నిర్దేశించింది. స్నో, రాక్‌ఫెల్లర్, ఎక్సాన్, కెర్రీ అనే నలుగురు సెనేటర్ల సవరణ ద్వారా ఈ నిబంధన చట్టంలో చేరింది. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ దీనికోసం గట్టిగా పనిచేసింది. వ్యవహారంలో ‘ఈ-రేట్’గా పేరొందిన విధానం ఇదే.

రాయితీ తీరు:

రాయితీ 20 నుండి 90 శాతం వరకు ఉంటుంది. ఎంత ఇవ్వాలన్నది గ్రంథాలయం ఉన్న ప్రాంతపు పేదరికాన్ని బట్టి నిర్ణయమవుతుంది. దానికి కొలమానం స్థానిక పాఠశాలల్లో ఉచిత, రాయితీ భోజనానికి అర్హులైన పిల్లల సంఖ్య. గ్రామీణ ప్రాంతమైతే కొన్ని స్థాయుల్లో రాయితీ ఇంకాస్త పెరుగుతుంది. ఈ సొమ్ము ప్రభుత్వ ఖజానా నుండి రాదు. టెలికాం సంస్థలు తమ ఆదాయం నుండి సార్వత్రిక సేవా నిధికి చెల్లిస్తాయి. ఆ భారాన్ని సాధారణంగా వినియోగదారుల బిల్లులకే చేరుస్తాయి. ఈ-రేట్‌కు తొలుత ఏటా 225 కోట్ల డాలర్ల పరిమితి ఉండేది. 2014లో దానిని 390 కోట్లకు పెంచారు.

రాయితీ కావాలంటే గ్రంథాలయం తన అవసరాన్ని బహిరంగంగా ప్రకటించి, కనీసం 28 రోజులు పోటీ ధరల కోసం వేచి ఉండాలి. ఒకే ఒక్క ఉద్యోగి ఉన్న చిన్న గ్రంథాలయానికి ఈ కాగితాల పని చిన్నది కాదు.

మరో చిక్కు కూడా ఉంది. 2000 నాటి చట్టం ప్రకారం ఇంటర్నెట్ రాయితీ పొందే గ్రంథాలయాలు తమ కంప్యూటర్లలో వడపోత సాఫ్ట్‌వేర్ పెట్టాలి. లైబ్రరీ అసోసియేషన్ దీనిని న్యాయస్థానంలో సవాలు చేసినా, 2003లో సుప్రీంకోర్టు ఆ షరతును సమర్థించింది. పాఠకుల స్వేచ్ఛను తలచి రాయితీనే వదులుకున్న గ్రంథాలయాలూ ఉన్నాయి.

చట్టంలో పేరు, నియమంలో పేరు:

పాఠకులు ఇంటికి తీసుకుపోయే హాట్‌స్పాట్ పరికరాలకు కూడా రాయితీ వర్తిస్తుందని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2024లో నియమం చేసింది. కమిషన్ నాయకత్వం మారాక, 2025లో అదే సంస్థ ఆ నియమాన్ని వెనక్కు తీసుకుంది. అదే ఏడాది జూన్‌లో సార్వత్రిక సేవా నిధి రాజ్యాంగబద్ధతను సుప్రీంకోర్టు 6-3 ఆధిక్యంతో నిలబెట్టింది. చట్టం ఏర్పరచిన మూల విధానం నిలిచింది. అధికారుల నియమంగా వచ్చినది ఏడాది తిరిగేసరికి పోయింది. గ్రంథాలయ సంఘాలు గమనించవలసిన తేడా ఇదే.

తెలుగు రాష్ట్రాల సందర్భం:

భారతదేశంలోనూ ఇటువంటి నిధి ఉంది. 2002లో మొదలైన సార్వత్రిక సేవా బాధ్యత నిధి, 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంతో ‘డిజిటల్ భారత్ నిధి’ అయింది. టెలికాం సంస్థలు సర్దుబాటు చేసిన స్థూల ఆదాయంలో 5 శాతం దీనికి చెల్లిస్తాయి. గ్రామీణ, మారుమూల, వెనుకబడిన పట్టణ ప్రాంతాలను చట్టం పేర్కొంది. గ్రంథాలయాన్ని మాత్రం పేర్కొనలేదు. భారత్‌నెట్ గ్రామ పంచాయతీని గమ్యంగా పెట్టుకున్నది. ఆ తీగ గ్రంథాలయం గడప దాకా రావాలన్న చట్టబద్ధమైన హామీ లేదు.

1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ఆస్తిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలుకు దారి వేసింది. జిల్లా గ్రంథాలయ సంస్థలకు అదే ప్రధానాధారం. ఆ పరిమితమైన సొమ్ములోంచే బ్రాడ్‌బ్యాండ్ బిల్లు కట్టవలసి వస్తే, అది పుస్తకాల కొనుగోలుతో పోటీ పడక తప్పదు. పాతూరి నాగభూషణం 1935లో పుస్తకాలను పడవపై కాలువ గ్రామాలకు చేర్చిన నేల ఇది. చేరవేతకూ ఖర్చుంటుందని ఇక్కడి గ్రంథాలయోద్యమానికి తెలియనిది కాదు. పౌర గ్రంథాలయాన్ని డిజిటల్ భారత్ నిధి లబ్ధిదారుగా చట్టంలోనే పేరు పెట్టి చేర్చాలని, రాయితీ శాతాన్ని స్థానిక పేదరికానికి ముడిపెట్టాలని, వడపోత వంటి షరతులను పాఠకులతో చర్చించకుండా జోడించరాదని గ్రంథాలయ సంఘాలు కోరవలసి ఉంది.